ఇప్పచెట్టు కింద నేను పెట్టిన పులి

ఆ రోజుల్లో, అంటే మెడలో కెమెరా వేలాడుతుంటే చాలు, ఎంతటి పెద్దమనిషినైనా "జర గట్ల జరుగుండ్రి" అనే హక్కు నాకు దఖలు పడిందని నమ్మిన రోజుల్లో, ఫొటోకూ అబద్ధానికీ మధ్య గోడ ఒకటుంటుందని నాకు తెలియదు. తెలిసే అవకాశమూ లేదు లెండి. ఇరవై ఏళ్ల వయసు, డిగ్రీలో ఇంకా మూడు సబ్జెక్టులు మిగిలే ఉన్నాయి, పని మాత్రం దంతాలపల్లి బస్టాండు దగ్గర ఒక ఫొటో స్టూడియోలో. దాని ఓనరును అందరూ ఫ్లాష్ అన్న అనేవారు. మిట్టమధ్యాహ్నం ఎర్రటి ఎండలో కూడా ఆయన ఫ్లాష్ కొట్టకుండా ఫొటో తీసేవాడు కాదు. ఎందుకన్నా అని అడిగితే, "ఎండను నమ్మరాదురా, మబ్బు పడితే పెండ్లిపిల్ల నల్లగ వస్తది, వాళ్ల మేనత్త నన్ను తిడ్తది" అనేవాడు. నేను ఆయన వెనక లైటు పట్టుకుని నిలబడేవాణ్ణి. రెండేళ్లుగా లైటే పట్టుకున్నాను. పెళ్లిలో అందరి ముఖాల మీదా వెలుగు వేసి, నేను మాత్రం ఒక్క ఫొటోలోనూ లేనన్న బాధ అప్పట్లో నాకు చాలా పెద్దది.

అయితే స్టూడియోలో నాకంటూ ఒక విద్య ఉంది. పెళ్లికి రాలేని చుట్టాలను ఫొటోలో కలపడం. మా వైపు ఇది చాలా గిరాకీ ఉన్న పని. మేనమామ దుబాయిలో ఉంటాడు, సెలవు దొరకదు. తాత పోయి ఆరేళ్లయి ఉంటుంది. కానీ ఆల్బంలో మధ్య పేజీ తెరిస్తే ఇంటిల్లిపాదీ నిలబడి ఉండాలి, పెద్దలు లేని పందిరి బోసిగా ఉండకూడదు. వాళ్లు తెచ్చే ఫొటో రేషన్ కార్డుదో, బ్యాంకు బుక్కుదో అయి ఉంటుంది, అందులో మెడ దాకానే మనిషి. మిగతా మనిషిని నేను తయారు చేయాలి. ఒకసారి నర్సింహులపేట వాళ్ల తాతకు శరీరం దొరక్క, పిల్ల మేనమామ ఒళ్లు తెచ్చి అతికించాను. ఆల్బం చూసి వాళ్ల అవ్వ కళ్లు తుడుచుకుంటూ, "మా ముసలోనికి చేతి గడియారం ఎవరు కొనిచ్చిన్రు బిడ్డా?" అని అడిగింది. (అడిగింది గాని, తీసెయ్యమనలేదు. బతికినన్నాళ్లూ కొనుక్కోలేదు, పోయినాకైనా పెట్టుకోనీ అంది.) కలపడమే కాదు, తీసెయ్యడం కూడా నా పనే. బంతి భోజనంలో తన విస్తట్లో మూలుగ బొక్క వెయ్యలేదని అలిగి కొట్లాడిన ఒక బావను మొత్తం ఆల్బంలోంచి తుడిచేశాను. ఒక్క ఫొటోలో మాత్రం పెళ్లికొడుకు భుజం మీద ఆయన చెయ్యి మిగిలిపోయింది. ఆ చెయ్యి ఎవరిదో ఆ ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

అలా ఉండగా, జనగామలో ఒక సేటు కొత్తగా ఫ్యామిలీ రెస్టారెంటు పెడుతూ, ఒక గోడ నిండా అడవి ఫొటో కావాలని ఫ్లాష్ అన్న దగ్గరికి వచ్చాడు. "కశ్మీరు వద్దు, స్విట్జర్లాండ్ వద్దు, గవి కటింగు షాపులల్ల గూడ ఉన్నయి. మన అడవే ఉండాలె. దుప్పులు, నెమళ్లు అన్ని ఉండాలె. పులి గిట్ల ఉంటే ఇంక మంచిది" అన్నాడు, పులి కూడా మెనూలో ఉన్నట్టు. అది పెళ్లిళ్ల కాలం. ఫ్లాష్ అన్నకు ఊపిరాడటం లేదు. నా వైపు చూసి, "నువ్వు పో. గిది మంచిగ తెచ్చినవంటే వచ్చే పెండ్లి నుంచి పెద్ద కెమెరా నీకే ఇస్త, లైటు ఇంకోడు పట్టుకుంటడు" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

ఫ్లాష్ అన్న నన్ను పంపింది గంగారం అవతలి అడవికి, అది అభయారణ్యం. నేను మాత్రం ఊరంతా 'నేషనల్ పార్కుకు పోతున్న' అని చెప్పుకున్నాను, అందులో కొంచెం బరువుంటుందని. అమ్మ సర్వపిండి కాల్చి గుడ్డలో కట్టి ఇచ్చింది. నాయిన మాత్రం, "అడవిలకు కెమెరా ఏసుకొని పోతే ఏమొస్తదిరా, రెండు మేకలన్న తోలుకపోతే అవన్న కడుపు నింపుకొని వచ్చు" అన్నాడు. ఆయన మాటను నేను లెక్కచేయకుండా, ఉన్నవాటిలో మెరిసే పసుపు చొక్కా తొడుక్కుని, పెళ్లిళ్లకు మాత్రమే వాడే సెంటు కొట్టుకుని బయలుదేరాను. తొలి బస్సుకు మానుకోట (కాగితాల్లో మహబూబాబాద్), అక్కడి నుంచి గూడూరు మీదుగా గంగారం. నన్ను అడవిలోకి తీసుకుపోవలసిన మనిషి రోడ్డు మీద కట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. అటవీశాఖలో రోజుకూలీ వాచరు. ఆయన బిడ్డ పెళ్లి ఫొటోలు ఫ్లాష్ అన్నే తీశాడు, ఆ పరిచయం. నేను కాక అని పిలిచాను. ఎండిన చింతబరికె లాంటి మనిషి, ఖాకీ చొక్కా, తలకు తువ్వాల. నన్ను పైనుంచి కింది దాకా చూసి, గాలి పీల్చి, "బిడ్డా, మనం పోయేది అడవికేనా? నీ వాసనకు ఈ పాటికి దుప్పులన్ని వాగు దాటి ఉంటయి" అన్నాడు.

ఆయన అన్నట్టే అయింది. పొద్దున్నుంచీ నేను తీసిన దుప్పుల ఫొటోల్లో ఒక్క దుప్పి ముఖం లేదు, అన్నీ తోకలే. తప్పు నాదే. రెండేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? మొదటి గుంపు కనపడగానే నోరు ఊరుకోక, "అందరు జర ఇటు చూడుండ్రి" అనేశాను. చూశాయి కూడా, పాపం. చూసిన మరుక్షణం ఫ్లాష్ కొట్టాను. ఇక చూడాలి ఆ పరుగు. తర్వాత ఒక నెమలి దొరికింది, పురి సగం విప్పి ఆగింది. పెళ్లికూతురు కొంగు సరిచేసినట్టు నేను చెయ్యి ఊపుతూ "ఇంక జర, ఇంక జర" అంటూ ముందుకు పోయాను. అది పురి ముడిచి, నా వైపు ఒకసారి అసహ్యంగా చూసి పొదలోకి నడిచిపోయింది. కాక నవ్వలేదు. "దుప్పి నీ పెండ్లికి వచ్చిందనుకున్నవా బిడ్డా, నిలవడుమంటే నిలవడ్తందుకు? నువ్వు నిలవడు. కదలకు. అవ్వే వస్తయి" అన్నాడు. నిలబడటం నా చేత కాలేదు. పోనీ జంతువులు కాకపోతే దృశ్యాలైనా తీద్దామని గుట్టల్నీ, ఎండిన వాగునీ, ఎర్రటి మోదుగుపూలనీ తీశాను. బాగానే వచ్చాయనుకున్నాను గానీ, ఇంటికొచ్చి చూస్తే ప్రతి ఫొటోకూ మధ్యలో సరిగ్గా ఇద్దరు మనుషులు నిలబడేంత ఖాళీ ఉంది. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ లేని ప్రకృతిని నేను అప్పటిదాకా చూసి ఉండలేదు మరి.

ఎండ ముదిరాక కాక నన్ను ఒక పెద్ద ఇప్పచెట్టు దగ్గరికి తీసుకుపోయాడు. పూలు రాలి నేలంతా పచ్చగా పరుచుకుంది. దూరంగా ఒక రాయి వెనక నన్ను కూర్చోబెట్టి, "సెంటోడా, నువ్వు ఈడనే ఉండు" అని, తాను మాత్రం పోయి కట్టెను చెట్టుకు ఆనించి, బోదె పక్కన కూర్చుని కాలిలో గుచ్చుకున్న ముల్లు తీసుకోసాగాడు. కాసేపటికి కొమ్మల్లో కదలిక. ఒక్కొక్కటే కొండముచ్చులు (కాక మాటలో కొండెంగలు) దిగి వచ్చాయి. కాకను పట్టించుకోలేదు. ఆయనకు అటూ ఇటూ బంతికి కూర్చున్నట్టు వరసగా కూర్చుని పూలు ఏరుకుని తినసాగాయి. ఒక పిల్లైతే తల్లి ఒడిలోంచి ఆయన తువ్వాల కొస అందుకోబోయి, తల్లి చేత చరుపు తింది. ఆకుల సందుల్లోంచి వెలుగు నెమ్మదిగా పడుతోంది. ఆ రోజు మొత్తంలో నేను ఫ్లాష్ మరచిపోయి తీసిన ఫొటో అదొక్కటే.

తిరిగి వస్తూ, "కాకా, మన అడవిల పులి లేదా?" అని అడిగాను. ఆయన కట్టెతో దారి మీది ఆకులు పక్కకు నెడుతూ కాసేపు నడిచాడు. "ఉండెనట, మా నాయిన పోరగాడున్నప్పుడు. ఇటు నుంచి భూపాలపల్లి దాక దానిదే రాజ్యమట. ఇగ యాడికి పోయిందో, ఏమయ్యిందో. నేను ఇరవై ఏండ్ల సంది తిరుగుతున్న, దాని గోరు సుత కనవడలె. పెద్దమనిషి లేని ఇల్లు లెక్క ఉన్నది బిడ్డా ఈ అడవి" అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే ఈ కథ లేదు. పెద్దమనిషి లేని ఇల్లు! నాకు వచ్చిన విద్యే అది. మరునాడు స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు, నాకు అది మోసంగా తోచలేదంటే నమ్మండి. పందిట్లో పెద్దాయన లేడు, రప్పించాలి, అంతే.

మా కంప్యూటర్లో ఒక పులి ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. లోకల్ యువనాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలకు వాడే పులి. మా దంతాలపల్లి చుట్టుపక్కల అది నిలబడని నాయకుడి భుజం లేదు. దాన్ని తెచ్చి ఆ ఇప్పచెట్టు ఫొటోలో పెట్టడానికి చూస్తే, దాని సైజుకు సరిపడే జాగా చెట్టు బోదె పక్కన ఒక్కటే ఉంది. అక్కడ కాక ఉన్నాడు, ముల్లు తీసుకుంటూ. అడవి ఫొటోలో ఖాకీ చొక్కా ఏం బాగుంటుంది, పైగా రెస్టారెంటు గోడ మీద కాలు పట్టుకున్న మనిషా, అనుకున్నాను. మూలుగ బొక్క బావను తుడిచినట్టే కాకను తుడిచేసి పులిని కూర్చోబెట్టాను. వెలుగు కలిపాను, నీడ వేశాను, పాదాల మీద నాలుగు ఇప్పపూలు చల్లాను. ఎంత బాగా వచ్చిందంటే, సేటుకు పంపేదాకా మనసు ఆగలేదు. 'మన గంగారం అడవి, నా కెమెరా' అని రాసి ఫోన్ స్టేటస్‌లో పెట్టుకున్నాను. పులిని నేను పెట్టానని మాత్రం రాయలేదు. మేనమామ దుబాయిలో ఉన్నాడని ఆల్బంలో ఎవరు రాస్తారు?

తెల్లవారేసరికి నా పులి నాకన్నా చాలా దూరం పోయింది. మానుకోట గ్రూపుల్లో ఆవును తిన్నది. మధ్యాహ్నానికి ములుగు రోడ్డు దాటింది, సాయంత్రానికి భూపాలపల్లి గనుల దగ్గర కనపడిందని ఎవరో ఒక ఆడమనిషి గొంతుతో వాయిస్ వచ్చింది, వెంట రెండు పిల్లలు కూడా ఉన్నాయట. (ఆ పిల్లలు ఎవరు కలిపారో నాకు తెలియదు, నాది ఒకటే పులి.) మా అమ్మ ఫోన్ చేసి, "ఆ పులి నీకెంత దూరంల ఉండె బిడ్డా?" అని ఏడ్చింది. సర్వపిండి వాసనకే అది నన్ను వదిలేసిందని పక్కింటి అవ్వ తేల్చిందట. నిజం చెబుదామని నోరు తెరిచాను. కానీ నాయిన ఫోన్ తీసుకుని, జీవితంలో మొదటిసారి, "మావోడు ధైర్యవంతుడే" అన్నాడు. తెరిచిన నోరు మూసుకున్నాను. ఆ మాట అంత తియ్యగా ఉంది మరి.

ఫ్లాష్ అన్న మాత్రం వచ్చీ రాగానే ఫొటో వైపు ఒక్క చూపు చూసి, "ఒరేయ్, గిది మన పులే గదరా! మొన్న యూత్ లీడర్ బర్త్‌డేకు నిలవెట్టినం" అన్నాడు. నేను నెమ్మదిగా తలూపాను. ఆయన కుర్చీలో కూలబడి, "అయ్యో, గంగారంల మైకులు తిరుగుతున్నయట కదరా, అడవిలకు పోవద్దని. ఇప్పపూల మీద బతికే ఊర్లు గవి" అన్నాడు. రెండో రోజు కూడా నేను కదల్లేదు. ఎవరైనా ఇంకొక కొత్త వింత పెడతారు, దీన్ని మరిచిపోతారు అనుకున్నాను. అప్పుడు కాక ఫోన్ చేశాడు.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "బిడ్డా, నువ్వు దించిన ఫొటోల పులి వచ్చిందట గదా, నాది బటన్ ఫోను, నాకు కనవడది. ఇప్పచెట్టు కిందనే ఉన్నదంటున్నరు. నేను గాన్నే కూసుంటి గదా?" అని అడిగాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు, "మా ఫారెస్టు సారు అడుగుతుండు, నువ్వు కాసే బీట్ల పులి తిరుగుతుంటె నువ్వెందుకు చెప్పలె అని. రేపు ఆఫీసుకు రమ్మన్నడు, డ్యూటీ తీసేస్తడేమో. డ్యూటీ పోతే పోయె బిడ్డా. ఇరవై ఏండ్లు తిరిగిన, పక్కపొంటి పులి నిలవడితే సూడలేదంటె నా కండ్లు పోయినట్టేనా? నాకు గదే పరేషాన్." నేను ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తు లేదు. అబద్ధం నాది, అనుమానం ఆయనకు తన కళ్ల మీద. సిగ్గంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. పెద్ద కెమెరా మీది ఆశ వదులుకుని, మరునాడు తొలి బస్సెక్కాను. సెంటు కొట్టుకోలేదు.

ఆఫీసర్ సారు బల్ల మీద నా ఫొటో పెద్ద సైజులో ప్రింటు వేసి పెట్టుకున్నాడు. కాక ఒక మూల తువ్వాల చేతిలో నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను, పులి లేదు సార్, నేనే పెట్టిన, పెండ్లిల్లల్ల రాని చుట్టాలను కలుపుతం సార్, గట్లనే కలిపిన అని. సారు కళ్లద్దాల పైనుంచి చూశాడు. "ఊరోళ్లు నిన్ను బెదిరించి చెప్పిస్తున్నరా? ఇప్పపూలకు పోనిస్తలేమని కోపంల ఉన్నరు. పైకి రిపోర్టు పోయింది. భూపాలపల్లి నుంచి కెమెరాలు పట్టుకొని మనుషులు బయల్దేరిన్రు. ఇప్పుడొచ్చి పులి లేదంటవా?" నేను ఫోన్లో యువనాయకుడి ఫ్లెక్సీ తీసి చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిగున్నది. నీ ఫొటో చూసి ఎవడో ఫ్లెక్సీల పెట్టిండు" అన్నాడు. ఫ్లెక్సీ రెండు నెలల పాతది సార్ అన్నా వినలేదు. నా అబద్ధాన్ని ఒక్క రోజులో మూడు జిల్లాలు నమ్మాయి, నా నిజాన్ని నమ్మే మనిషి ఆ గదిలో ఒక్కడూ లేడు. "అసలు ఫొటో ఉంటే తెప్పియ్యి" అన్నాడు చివరికి. ఫ్లాష్ అన్నకు ఫోన్ చేశాను. ఆయన వెంటనే పంపాడు. గంగారంలో సిగ్నల్ సంగతి తెలిసిందే కదా, తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది.

ఆ సందులో కాక బల్ల దగ్గరికి వచ్చాడు. ఆ ఫొటోను చూడటం ఆయనకు అదే మొదటిసారి. వంగి చూశాడు. వేలితో చెట్టు బోదెను తాకి, "గిది నా కట్టె" అన్నాడు. నిజమే. నేను మనిషిని తుడిచాను గాని, చెట్టుకు ఆనించిన కట్టెను మరిచిపోయాను. (బావ చెయ్యి నా వెంటే వచ్చింది.) తర్వాత ఆయన వేలు పులి మీదుగా పోయి కొండముచ్చుల మీద ఆగింది. ముఖం నెమ్మదిగా విప్పారింది. "సారూ, గీడ పులి లేదు" అన్నాడు.

"కండ్ల ముందట కనవడ్తలేదా?"

"పులి కాదు సారూ, కొండెంగలను సూడుండ్రి. పులి ఉన్నదంటె కొండెంగ నేల మీద కాలు వెడ్తదా? పైకొమ్మకెక్కి అడవంత వినవడేటట్టు మొత్తుకుంటది. గివి సూడుండ్రి, బంతికి కూసున్నట్టు కూసోని తింటున్నయి. గీ పిల్ల పులి మీసం గుంజెటందుకు సెయ్యి సాపుతున్నది. గిట్ల నా దగ్గర తప్ప ఇంకొకల దగ్గర కూసోవు సారూ!"

సారు ఫొటోను దగ్గరికి లాక్కుని చూశాడు. సరిగ్గా అప్పుడే నా ఫోన్లో బొమ్మ పైనుంచి కిందికి తెరుచుకోవడం మొదలైంది. ముందు కొమ్మలు, తర్వాత వెలుగు, తర్వాత కొండముచ్చులు, చివరికి పులి ఉండాల్సిన చోట కాలు పట్టుకుని ముల్లు తీసుకుంటున్న కాక. సారు ఫోను వైపు, కాక వైపు మార్చి మార్చి చూసి, "రెండు రోజుల నుంచి నేను నీ కోసం తిరుగుతున్ననా?" అని పెద్దగా నవ్వాడు. గదిలో అందరూ నవ్వారు. కాక కూడా నవ్వాడు, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. ఆ నవ్వు ఆగాక నా వైపు తిరిగి, కోపం ఏమీ లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "నన్నెందుకు తీసేసినవ్ బిడ్డా?"

నేను ఆ ఫోను ఆయన చేతిలో పెట్టాను, తన బొమ్మ తాను చూసుకొమ్మని.

సారు నన్ను వదిలేశాడు గాని ఊరికే వదల్లేదు. మైకు కట్టిన ఆటోలో కూర్చోబెట్టి, ఏ ఊళ్లలో పులి వచ్చిందని చెప్పారో ఆ ఊళ్లన్నిటిలో నా నోటితోనే "పులి రాలేదు, నేనే పెట్టిన, తప్పైంది" అని చెప్పించాడు. ఎవరూ నమ్మలేదు. ఒక పెద్దాయన ఆటో ఆపి, "పులి లేదని చెప్పుమని ఆ పులే పంపిందా నిన్ను?" అని అడిగాడు. కాక తల్లి, డెబ్బై ఏళ్ల అవ్వ, నా రెక్క పట్టుకుని, "రెండు దినాల పువ్వు ఎండకు మాడిపాయె. లేదంటున్నవు గద, రేపు పొద్దుగాల నువ్వే ముందట నడువు, మేం నీ ఎనుక వస్తం" అంది. నడిచాను. ఆ అడవిలో పులి లేదని ప్రపంచంలో అందరికన్నా బాగా తెలిసినవాణ్ణి నేను. అయినా ఎండుటాకు చప్పుడైన ప్రతిసారీ అవ్వ వెనక్కి చేరాను. "పెట్టినోడివే నువ్వు, నీకే భయమైతే ఎట్ల బిడ్డా" అని ఆడవాళ్లు ఒకటే నవ్వు. నా నడుం పట్టేసేదాకా పూలు ఏరించి గాని అవ్వ నన్ను బస్సు ఎక్కనివ్వలేదు. సేటు మాత్రం చివరిదాకా ఒకే మాట మీద ఉన్నాడు, అందరూ భయపడ్డ పులే కావాలన్నాడు. జనగామలో ఆ గోడ ముందు ఇప్పటికీ పిల్లలు సెల్ఫీలు దిగుతారు. ఫ్లాష్ అన్న నా చేత ఇంకో ఏడాది లైటు పట్టించాడు.

ఇప్పుడు నాకు నర్సింహులపేటలో సొంత స్టూడియో ఉంది. రాని చుట్టాలను కలపడానికి ఎవరూ నా దగ్గరికి రావడం లేదు, ఆ పని ఫోన్లే చేస్తున్నాయి, తాతలకు గడియారాలు కూడా అవే పెడుతున్నాయి. నా కౌంటరు వెనక గోడ మీద మాత్రం ఆ అసలు ఫొటో ఉంది, కాక ఉన్నది. పెళ్లివాళ్లు చూసి ఎవరని అడిగితే మా చుట్టమని చెబుతాను. మొన్న చలికాలంలో ఒక పెళ్లి పందిట్లో ఉండగా కాక నుంచి ఫోన్. ముసలితనం గొంతులో తెలుస్తోంది. "బిడ్డా, నిజం చెప్పు. గిది గూడ నువ్వే పెట్టినవా?"

"ఏంది కాకా?"

"వాగు ఇసుకల అడుగులున్నయి. నా అరచెయ్యి కన్న పెద్దగున్నయి."

"నేను కాదు కాకా. నీ మీద ఒట్టు, పెండ్లిల ఉన్న" అన్నాను. "నువ్వు చూసినవా దాన్ని?" అని అడిగాను.

"దాన్ని సూడలె. కొండెంగలను సూసిన. పొద్దుగాల సంది ఒక్కటి చెట్టు దిగుతలేదు." ఆ గొంతులో ఎన్నో ఏళ్లకు ఇంటికి చుట్టమొచ్చిన సంబరం వినపడింది. నాకు భయమేసి, "నువ్వు గా చెట్టు కాడ కూసోకు కాకా" అన్నాను. ఆయన నవ్వాడు. "ఈసారి నువ్వు నన్ను తీసేసే పని లేదు బిడ్డా. నేనే లేసి వచ్చిన, దాని జాగ దానికిచ్చి."

పందిట్లో ఎవరో ఫొటోకు పిలుస్తున్నారు. వెళ్లి నిలబడ్డాను. అందరినీ ఇటు చూడమనే ముందు, ఒక్క క్షణం, పసుపు చొక్కా వేసుకుని దుప్పులను కూడా ఇటు చూడమన్న ఆ ఇరవై ఏళ్ల కుర్రాడు గుర్తొచ్చి, కెమెరా వెనక నాలో నేనే నవ్వుకున్నాను.